ఇచ్చి పుచ్చుకోడాలు

"అత్తా, నీకు నెట్‌వర్కింగ్ బొత్తిగా రాదు" అంది మా మేనకోడలు, వంటింటి గట్టెక్కి కూర్చుని, పాయసంలోకని నేను వేయించిన జీడిపప్పు వేయించినట్టే నోట్లో వేసుకుంటూ.

ఆ మాట పడడానికి నేను చేసిన నేరం ఏమిటంటే, ఒకాయన నా నవల గురించి నాలుగు మంచి మాటలు ఫోనులో రాసి పంపిస్తే "కృతజ్ఞతలు" అని ఒక్క ముక్క రాసి వూరుకోవడం. నేనూ ఆయన పుస్తకం గురించి నాలుగు మంచి మాటలు రాయాలిట. అదీ ఆ సాయంత్రం లోపలేనట!

"ఆయన పుస్తకం నేను చదవలేదే!" అన్నాను.

"ఆయన నీది చదివాడని నీకెవరు చెప్పారు?" అంది.

నిజమే సుమండీ. చేతులు తుడుచుకుని మళ్ళీ ఫోను తీసి చూస్తే, ఆయన మెచ్చుకున్న నాలుగు మాటలూ నా పుస్తకం వెనక అట్ట మీద అచ్చువేసినవే.

మా మేనకోడలు ఆషామాషీ మనిషి కాదు. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తోంది. ఆ ఉద్యోగం ఎలా వచ్చిందో ఆ రోజే చెప్పింది. ఒకసారి అమలాపురం బస్సులో పక్క సీట్లో కూర్చున్న అమ్మాయికి రెండు తేగలిచ్చిందిట. ఆ అమ్మాయి ఫోను నంబరిచ్చింది. ఎనిమిది నెలల తరవాత "మా ఆఫీసులో ఖాళీలున్నాయి, నీ పేరు చెప్పనా?" అని అడిగింది. దాన్ని రెఫరల్ అంటారట. మనం చెప్పిన మనిషికి ఉద్యోగం వస్తే, చెప్పినందుకు మనకీ కొంత ముట్టచెప్పే కంపెనీలున్నాయట.

"మరి నీ ప్రాణ స్నేహితురాళ్ళేం చేస్తున్నారే?" అన్నాను.

"వాళ్ళకి తెలిసిన ఉద్యోగాలన్నీ నాకూ తెలుసుగా అత్తా! ముగ్గురం ఒకే గదిలో వుంటున్నాం" అంది.

ఇది పిల్లకాకి మాటని కొట్టి పారేయడానికి లేదు. అమెరికాలో మార్క్ గ్రానొవెటర్ అనే సమాజశాస్త్రవేత్త 1973లో సరిగ్గా ఈ సంగతి మీదే ఒక వ్యాసం రాసి గొప్ప పేరు తెచ్చుకున్నాడు. బోస్టన్ దగ్గర ఒక వూళ్ళో కొత్తగా ఉద్యోగం మారినవాళ్ళని పట్టుకుని, "మీకీ ఉద్యోగం సంగతి ఎవరు చెప్పారు? వాళ్ళని మీరెంత తరచుగా కలుస్తుంటారు?" అని అడిగాడు. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళలో, ఆ తెలిసినవాళ్ళని తరచుగా కలిసేవాళ్ళు నూటికి 17 మందే. తక్కిన 83 మందికీ అప్పుడప్పుడూ పలకరించుకునేవాళ్ళో, ఎప్పుడో తప్ప కనపడనివాళ్ళో సాయపడ్డారు. గట్టి బంధాలకంటే పలచటి బంధాలే పనికొస్తాయని ఆయన తేల్చాడు.

మా కాట్రేనికోన ఆడవాళ్ళకి ఈ సంగతి 1973కి ముందే తెలుసని నా గట్టి నమ్మకం. మా వీధిలో పెళ్ళి సంబంధాలు మేనమామలూ పెదనాన్నలూ కుదిర్చినవి ఎన్నో నాకు తెలియదు కానీ, పేరంటానికి వచ్చిన ఎవరో తోటికోడలుగారి పిన్నత్తగారు తాంబూలం పుచ్చుకుంటూ యథాలాపంగా "మా పక్కూళ్ళో ఒక కుర్రాడున్నాడండి" అన్న మాటతో కుదిరినవి మాత్రం బోలెడు.

పేరంటం అన్నాను కనక ముందు దాని సంగతి చెప్పాలి. శ్రావణ మంగళవారం నోము నోచుకున్నవాళ్ళకి తెలుసు. కొంగు కప్పి వాయనం చేతిలో పెడుతూ "ఇస్తినమ్మ వాయనం" అంటుంది ఇచ్చే ఆవిడ. "పుచ్చుకుంటినమ్మ వాయనం" అంటుంది రెండో ఆవిడ. ఇస్తే సరిపోదు, పుచ్చుకున్నానని పైకి చెప్పాలి. అక్కడితోనూ ఆగదు. "నా వాయనం అందుకున్నదెవరు?" అని అడిగితే, పుచ్చుకున్నావిడ "నేనే గౌరీదేవిని" అనాలి. చిన్నప్పుడు ఇదంతా నవ్వులాటగా వుండేది. ఎదురింటి పొడుగుపాటి మామ్మగారు, ముక్కుపొడుం పీల్చే మామ్మగారు, గౌరీదేవేమిటి? ఈ మధ్య ఆలోచిస్తే, పుచ్చుకునే చెయ్యి కిందన వుండిపోకుండా మన పెద్దవాళ్ళు ఎంత బందోబస్తు చేశారా అనిపిస్తోంది. ఆ నిమిషానికి ఇచ్చినావిడ మామూలు మనిషి, పుచ్చుకున్నావిడ దేవత.

ఇక ఇచ్చే సరుకు మాటంటారా, నానపెట్టిన శనగలు! అందరూ అవే ఇస్తారు, అందరూ అవే పుచ్చుకుంటారు. పొద్దుపోయేసరికి పదిళ్ళ శనగలూ ఒక సంచీలో కలిసిపోయి, మర్నాడు మా ఇంట్లో శనగల తాలింపు, ఎల్లుండి శనగల కూర, ఆ మర్నాడు నాన్నగారి ముఖం. ఇంట్లోంచి ఎన్ని పోయాయో సుమారు అన్నే వచ్చేవి. లాభం లేదు, నష్టం లేదు. అయినా ఆ నెలంతా మా అమ్మ వెలిగిపోతూ వుండేది.

రవికల గుడ్డలది మరీ చిత్రం. పేరంటంలో ఇచ్చే జాకెట్టు గుడ్డని కుట్టించుకున్న మనిషిని నా జన్మలో చూళ్ళేదు. అది ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి, అక్కణ్ణించి మరో వూరికి సాగిపోతూనే వుంటుంది. ఒకసారి మా అమ్మకి అనుమానం వచ్చి ఒక చిలకపచ్చ గుడ్డ చివర కలంతో చిన్న చుక్క పెట్టింది. మూడో ఏడు అట్లతద్దికి అది ముమ్మిడివరం నించి వచ్చిన చుట్టాల చేతుల మీదుగా మా ఇంటికి తిరిగొచ్చింది! బి.ఏ.లో వుండగా మాలినోస్కీ అనే పండితుడు 1922లో రాసిన పుస్తకం గురించి చదివాను. పాపువా న్యూగినీలో ట్రోబ్రియాండ్ దీవులనున్నాయట. అక్కడివాళ్ళు పడవలేసుకుని సముద్రం మీద ప్రాణాలకి తెగించి వెళ్ళి, ఎర్ర గవ్వల దండలు ఇచ్చి తెల్ల గవ్వల కడియాలు పుచ్చుకుంటారట. దండలు గడియారం ముల్లు తిరిగే వేపు, కడియాలు దానికెదురుగా, దీవి నించి దీవికి తిరుగుతూనే వుంటాయట. ఎవరూ తమ దగ్గర ఎక్కువకాలం దాచుకోకూడదు. క్లాసులో అందరూ ఇదేం పిచ్చి అన్నారు. నాకు మాత్రం చిలకపచ్చ గుడ్డ కళ్ళముందు ఆడింది.

పెళ్ళిళ్ళలో చదివింపులు ఇంకో రకం. అక్కడ లెక్క గట్టిది. పందిట్లో ఒకాయన పుస్తకం పుచ్చుకు కూర్చుని మైకులో "ఫలానా వారు నూట పదహార్లు" అని చదువుతూ వుంటే మా నాన్నగారు సిగ్గుతో తల వంచుకునేవారు, మా అమ్మ మాత్రం చెవులు రిక్కించి వినేది. ఆ పుస్తకాన్ని నగల పెట్టెలో దాచేది. ఎవరింట్లో శుభకార్యమొచ్చినా ముందు అది తీసి, "వీళ్ళు మన పెద్దదాని పెళ్ళికి యాభై ఒకటి చదివించారు. పదేళ్ళయింది, ధరలు పెరిగాయి, నూట పదహారు చేద్దాం" అనేది. వడ్డీ కూడా కలిపేదన్నమాట. ఋణానందలహరి రాసిన ముళ్ళపూడి వెంకటరమణగారు అప్పు చేసేవాడి కష్టసుఖాలు అంత బాగా చెప్పారు కానీ, తీర్చేవాళ్ళ అవస్థ మా అమ్మని చూస్తే మరో లహరి అయ్యేది.

అసలు నేను చెప్పదల్చుకున్నది గిన్నె సంగతి.

మా అమ్మకి ఒక నియమం వుండేది. పక్కింటి వాళ్ళు కూర పంపిన గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదు. మన ఇంట్లో ఏదీ లేకపోతే చిటికెడు పంచదార, అదీ లేకపోతే నాలుగు కరివేపాకు రెబ్బలు. అంతకన్నా ముఖ్యమైన నియమం ఇంకోటుంది. ఆ రోజే ఇవ్వకూడదు. "పొద్దున్న పనసపొట్టు కూర వచ్చిందని సాయంత్రం మనం కందా బచ్చలీ పంపిస్తే, మీ బాకీ మాకొద్దు తల్లీ అని మొహాన కొట్టినట్టే" అనేది. రెండ్రోజులాగాలి. పంపించింది కూడా సరిసమానంగా వుండకూడదు. ఒక పిసరు ఎక్కువో తక్కువో వుండాలి. లెక్క సరిపోయిందంటే ఇక రాకపోకలకి పనేముంది? ఫ్రాన్సులో మార్సెల్ మాస్ అనే ఆయన 1925లో కానుకల మీద పెద్ద వ్యాసమే రాశాడు. ఇవ్వడం, పుచ్చుకోవడం, తిరిగివ్వడం మూడూ మనిషికి విధాయకాలేనని. అంత పెద్దాయన్ని మా అమ్మ పక్కన కూర్చోపెట్టానని కోప్పడకండి. ఇద్దరూ ఒకటే మాట చెప్పారు.

ఇంత నియమమున్న మా అమ్మ, ఒక గిన్నె తిరిగివ్వలేదు.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమని తుపాను కొట్టింది. నాకప్పుడు పదహారేళ్ళు. ఆ గాలి హోరు రాయడానికి ఇప్పటికీ నాకు చేతకాదు. తెల్లారి తలుపు తీస్తే ఆకాశం ఎక్కువైపోయింది. కొబ్బరిచెట్లు లేని ఆకాశం మేమెప్పుడూ చూళ్ళేదు. సముద్రపు వొడ్డున, లంకల్లో పోయినవాళ్ళ లెక్క వెయ్యి దాటిందని తరవాత తెలిసింది. లక్షల చెట్లు కూలిపోయాయి. మా ఎకరం తోటలో అరవై చెట్లకి పదకొండు మిగిలాయి.

మాకు కాయలు కొనే దళారీ అంబాజీపేట వేపు నించి వచ్చేవాడు. తుపాను వెళ్ళిన మూడోవారంలో సైకిలు నడిపించుకుంటూ వచ్చి, పడిపోయిన చెట్ల మధ్య నిలబడి నాన్నగారి చేతిలో కొంత డబ్బు పెట్టాడు. "కాయలే లేవుగదయ్యా, దేనికి బయానా?" అన్నారు నాన్నగారు. "ఆయ్, వున్నప్పుడు మాకిచ్చారు కదండీ. మళ్ళీ మొక్క పెట్టరేటండీ?" అన్నాడు. కొబ్బరి మొక్క కాపుకి రావాలంటే అయిదారేళ్ళు కనిపెట్టుకుని వుండాలి. అన్నేళ్ళూ కనిపెట్టుకునే వున్నాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, కాపొచ్చాక వెయ్యి కాయలకి బజారు ధర కంటే కాస్త తగ్గించే కట్టేవాడు. నాన్నగారికి ఆ సంగతి తెలుసు. తెలిసీ ఇంకో దళారీని పిలవలేదు. అది కృతజ్ఞతా, మొహమాటమా, వాడి తెలివా అని నేనడిగితే, "మూడూను" అన్నారు.

సరే, గిన్నె. మా వీధిలో పెంకు చెక్కుచెదరని ఇల్లు ఒక్కటే, మా ఎదురింటి పిన్నిగారిది. (పేరు రాయను, ఆవిడకి ఇష్టముండదు.) తడిసిన బియ్యమే వార్చి, పొయ్యి రాజెయ్యలేని ఇళ్ళన్నిటికీ పిన్నిగారు అన్నం పంపించారు. మా ఇంటికి వచ్చింది స్టీలు గిన్నెలో. అన్నం మీద మాగాయ ముక్క. ఆ గిన్నె అంచు మీద ఆవిడ పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించి వుంది. ఆవిడ దగ్గర పనిచేసే పద్దెనిమిదేళ్ళ పిల్ల మోకాళ్ళ లోతు నీళ్ళల్లో నెత్తిన పెట్టుకుని తెచ్చింది. ఖాళీ గిన్నె ఎలా ఇస్తామని అమ్మ ఆపింది. వెయ్యడానికి ఇంట్లో ఏదీ లేదు. తరవాత ఇద్దామంది. ఆ తరవాత అన్నది ఎలా జారిపోయిందో జారిపోయింది. నా పెళ్ళయ్యాక, కాపరానికి సర్దిన సామాను హైదరాబాదులో విప్పితే అందులో ఆ గిన్నె వుంది.

ఇంతకీ పిన్నిగారికి నేను బాకీ పడింది గిన్నె ఒక్కటే కాదు. వీక్లీల్లో వచ్చే సీరియళ్ళు చింపి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి ఒక బీరువా నిండా పెట్టుకునేవారు. అడిగినవాళ్ళకి ఇచ్చేవారు, ఒక షరతు మీద. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు వూరికే ఇవ్వకూడదు. చదివి ఏమనిపించిందో ఒక్క వాక్యం చెప్పాలి. "బాగుందండీ" అంటే చెల్లదు. "ఏం బాగుందే? ఎందుకు బాగుంది?" నేను నవలలు రాయడం నేర్చుకున్నది ఆ వీధరుగు మీదే. నా మొదటి కథని ఆవిడే దిద్ది, చక్కటి దస్తూరీతో సాపు రాసి, తిరుగు టపాకి స్టాంపులు కూడా తన పోపులపెట్టె డబ్బులతో కొని పెట్టారు. పత్రికాఫీసులో తెలిసినవాళ్ళెవరో వున్న దూరపు బంధువుకి ఒక కార్డు ముక్క కూడా రాశారు. పలచటి బంధం! కథ అచ్చయింది.

ఇక అక్కణ్ణించి నేను రచయిత్రినైపోయాను. మా సాహితీలోకంలో ఇచ్చి పుచ్చుకోడాలు ఎలా వుంటాయో చెప్తే నవ్వుతారు. నువ్వు నా పుస్తకానికి ముందుమాట రాస్తే నీ ఆవిష్కరణ సభకి నేను అధ్యక్షురాలిని. నువ్వు నాకు శాలువా కప్పితే వచ్చేనెల నీకు నేను కప్పుతాను. రవికల గుడ్డల్లాగే ఈ శాలువాలని కప్పుకున్నవాళ్ళూ లేరు. మావారు ఒకసారి బీరువా తెరిచి, "ఏమోయ్, హైదరాబాదులో ఇంత చలి ఎప్పుడొస్తుందంటావ్?" అన్నారు. ఇదంతా దొంగ వ్యవహారమని నేననను. సభకి పిలిచినవాళ్ళు రాకపోతే ఎంత బాధో నాకు తెలుసు. మొదటి పుస్తకం వేసుకున్న ఆడపిల్లకి ఒక పెద్దావిడ రాసిన అర పేజీ ముందుమాట ఎంత కొండంత అండో కూడా తెలుసు. అయితే ఎప్పుడో, ఎక్కడో, నేను కూడా మా అమ్మలాగ ఒక చదివింపుల పుస్తకం తెరిచాను. కాగితం మీద కాదు, మనసులో. ఎవరు ఏ కమిటీలో వున్నారు, ఎవరి మాట ఎక్కడ చెల్లుతుంది, ఎవరికి రాస్తే తిరిగి వస్తుంది.

2019లో పిన్నిగారి దగ్గర్నించి పార్సెలు వచ్చింది. రెండువందల పేజీల లాంగు నోట్‌బుక్కు. మా వీధి గురించి, మా వీధి ఆడవాళ్ళ గురించి, తుపాను గురించి రాసుకున్నదట. "తొందరేమీ లేదు, తీరిక వున్నప్పుడు చూడు. పనికొస్తుందనుకుంటే ఎవరికైనా చెప్పు" అని చిన్న చీటీ.

తీరిక వున్నప్పుడే చూద్దామని బీరువాలో శాలువాల కింద పెట్టాను. ఆ వారమే ఒక పెద్ద హోదాలో వున్న వారి కవితల పుస్తకానికి విషయసూచిక మాత్రం చూసి మూడు పేజీల ముందుమాట రాశాను. దానికి నాకు ప్రతిఫలం ముట్టింది, అది ఏమిటో చెప్పుకోడానికి సిగ్గేస్తోంది. పిన్నిగారికి మాత్రం ఒక్క ఫోను చెయ్యలేదు. మొదట తీరిక లేక, తరవాత సిగ్గేసి, ఆ తరవాత మర్చిపోయి. మర్చిపోయానని ఇప్పుడు అంటున్నాను గానీ, ఒక మారుమూల వూళ్ళో వుండే పెద్దావిడ నాకు తిరిగి ఇవ్వగలిగినది ఏదీ లేదని నాలో ఎవరో లెక్క కట్టేసి వుంటారు. ఆ లెక్క కట్టిన మనిషితోనే నేను రోజూ కాఫీ తాగుతున్నాను.

మా మేనకోడలు జీడిపప్పు తిన్న రోజు నించి ఓ వారం తిరక్కుండానే, వాళ్ళ ఆఫీసు ఫంక్షనులో ఎవరికో కప్పడానికి శాలువా కావాలని బీరువా తెరిచింది. నోట్‌బుక్కు దాని చేతికి దొరికింది. పట్టుకుపోయి రెండు రాత్రులు చదివింది. మూడోనాడు వచ్చి, నా ఎదురుగా కూర్చుని, "అత్తా, నువ్విది చదివావా?" అంది.

చదవలేదన్నాను.

"కృతజ్ఞతలు అని ఒక్క ముక్కయినా రాశావా?"

నేను లేచి వెళ్ళి పాలగిన్నె కడిగాను. కడగక్కర్లేదు, అప్పటికే కడిగి వుంది.

ఆ శనివారం రాత్రి బస్సెక్కాను. చేతిలో నోట్‌బుక్కు, సంచీలో గిన్నె. గిన్నెలో ఏం వెయ్యాలన్నది పెద్ద సమస్య అయింది. పూతరేకులు కొందామనుకుంటే, "కోనసీమకి పూతరేకులు పట్టుకెళ్తావా అత్తా?" అని మేనకోడలు నవ్వింది. పైగా ఆవిడకి చక్కెర జబ్బు. చివరికి పావుకిలో కాఫీ పొడి పొట్లం పెట్టాను. అమలాపురంలో దిగి కాట్రేనికోన చేరేసరికి పొద్దెక్కింది. మా ఇల్లు ఎప్పుడో అమ్మేశాం. కొత్తగా పెట్టిన కొబ్బరిచెట్లు ఎత్తుగా ఎదిగి ఆకాశాన్ని మళ్ళీ తగ్గించేశాయి.

పిన్నిగారు వీధరుగు మీదే కూర్చుని వున్నారు. డెబ్భై అయిదు దాటాయి. నీటికాసులొచ్చి చూపు చాలావరకు పోయిందిట, నాకు ఎవరూ చెప్పలేదు. ఎవరైనా చెప్పడానికి నేనెవరినైనా అడిగితే కదా? గొంతు పట్టి గుర్తుపట్టారు.

"నువ్వటే! ఎండనపడి వచ్చావు. మజ్జిగ తాగు."

నోట్‌బుక్కు గురించి ఒక్క ముక్క అడగలేదు. నేనే గిన్నె తీసి చేతిలో పెట్టాను. అంచు మీద చుక్కల్ని వేలితో తడిమారు. తన పేరు చివరి అక్షరం దాకా చదివి, ఆగిపోయారు.

"ఇది మీ ఇంట్లో వుందా?" అన్నారు.

ఏదో చెప్పబోయాను. ఆవిడ వినలేదు. "తుపాను కూడూ అని పన్నెండిళ్ళకి పంపించాను. పదకొండు గిన్నెలే తిరిగొచ్చాయి. ఎవరింటికి ఏది వెళ్ళిందో నాకేం తెలుసు? మోసినది ఆ పిల్ల. అడిగితే అందరూ ఇచ్చేశారంది. నేను... దాన్ని మానిపించాను. నలుగురిలోనూ అన్నాను కూడా."

నేను ముప్ఫై నవలలు రాసినా (రాయలేదు లెండి, పదకొండే) ఆ నిమిషంలో అనాల్సిన మాట నాకు దొరకదు. మా అమ్మ మర్యాద కోసం గిన్నె ఆపింది. ఆ మర్యాద ఖరీదు ఎవరు కట్టారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మా అమ్మ చదివింపుల పుస్తకంలో ఆ పిల్ల పేరు లేదు. ఎవరి పుస్తకంలోనూ లేదు.

"తరవాత ఆ అమ్మాయి ఏమైంది?" అన్నాను చివరికి.

"ఏమవుతుంది? రొయ్యల చెరువుల్లో పనికెళ్ళింది. పిల్లల్ని చదివించింది. ఇప్పుడు డ్వాక్రా సంఘానికి లీడరు. నా కళ్ళిలా అయ్యాక, ఎవరు చెప్పారో, ఒకరోజు తనే వచ్చింది. కళ్ళల్లో చుక్కలు వెయ్యడానికి రోజూ వస్తోంది. డబ్బిస్తే పుచ్చుకోదు. ఎందుకొస్తోందో నాకు తెలీదే. అడగడానికి భయం."

డ్వాక్రా పథకం 1982లో మొదలైనా మన దగ్గర వూపందుకున్నది 1990లలో, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణాలు మూయించాక. పదీ పదిహేనుమంది ఒక సంఘం. తలా కాస్త పొదుపు. ఒకరికి అప్పిస్తే మిగతావాళ్ళందరూ పూచీ. తాకట్టు పెట్టడానికి నగలూ నేలా లేనివాళ్ళు ఒకరి మాటని ఒకరు తాకట్టు పెట్టుకోవడమన్నమాట. మాట పోగొట్టుకున్న మనిషిని ఎవరు చేర్చుకుంటారు? ఒకప్పుడు దొంగ అనిపించుకున్న పిల్లని సంఘం తమ పెద్దగా ఎంచుకుందంటే, ఆ మధ్య కాలమంతా ఆవిడ ఎంత జాగ్రత్తగా, ఎంత కచ్చితంగా నడిచి వుండాలో వూహించుకోండి.

సాయంత్రం ఆవిడొచ్చింది. ముతక నేత చీర, చేతిలో ఫోను, చంకలో లెక్కల పుస్తకం. చిన్నప్పుడు నేను "నువ్వు" అనేదాన్ని. ఇప్పుడు ఏమనాలో తెలియక కాసేపు పేరు లేకుండా, క్రియ లేకుండా మాట్లాడాను. ఆవిడే సుళువు చేసింది. "అమ్మాయిగారేనాండీ! చిక్కిపోయారండాయ్."

పిన్నిగారి చేతిలో గిన్నె చూసింది. నేను లేచి నిలబడి జరిగినదంతా చెప్పాను. మా ఇంట్లోనే వుండిపోయిందనీ, నా కాపరపు సామానులో వచ్చిందనీ, ఇన్నేళ్ళూ అందులో పోపు గింజలు పోసుకున్నాననీ. క్షమించమన్నాను, పిన్నిగారి తరఫున కాదు, మా అమ్మ తరఫునా నా తరఫునా.

ఆవిడ గిన్నె తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"కొట్టించింది పిన్నిగారి పేరేగానండీ, వూళ్ళో అందరూ చెప్పుకున్నది నా పేరేనండి" అని నవ్వింది.

పిన్నిగారు నవ్వలేదు. "పట్టుకుపో. నీదే అది" అన్నారు.

"నాకెందుకండీ ఇప్పుడు? ఇంట్లో డజను గిన్నెలున్నాయండి" అంది ఆవిడ. గిన్నె అరుగు మీద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి, పిన్నిగారి తల వెనక్కి వంచి ఒక్కో కంట్లో ఒక్కో చుక్క వేసింది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

కళ్ళు మూసుకునే పిన్నిగారు నాతో అన్నారు. "ఆ పుస్తకం తెచ్చావా? తుపాను సంగతి ఎక్కడ రాశానో చూడు. ఆ గిన్నె మాట కూడా రాశాను. అందులో దీని గురించి రాసింది తప్పు. కలం తియ్యి."

పేజీ దొరికింది. చక్కటి దస్తూరీ, నా మొదటి కథని సాపు రాసిన దస్తూరీయే. ఆరు లైన్లు. నేను అడ్డంగా గీత కొట్టాను. ఖాళీ కాగితం పక్కన పెట్టుకుని, "ఏం రాయమంటారు పిన్నిగారూ?" అన్నాను.

"నాకేం తెలుసే? మోసింది నేనా?" అన్నారు ఆవిడ.

అరుగు మెట్టు మీద లెక్కల పుస్తకం పక్కన పెట్టుకుని కూర్చున్న ఆవిడ వేపు తిరిగాను. ఆవిడ కాసేపు వీధిలోకి, కొబ్బరిచెట్ల వేపు చూసింది.

"రాసుకోండి, చెప్తానండి" అంది. "ముందు బియ్యం ఎలా తడిసిపోయాయో రాయండి. గోదాట్లో వానపావులంత లావయిపోయాయండి గింజలు. తరవాత, మొదట ఎవరింటికి పట్టుకెళ్ళానంటేనండి..."